వేట గుర్రానికి బరాత్ చదువు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఉండేది కాదు. అన్ని పనులూ వచ్చని కాదు, ఎవరు ఏ పని గురించి అడిగినా "వస్తది" అనడం మాత్రం చాలా బాగా వచ్చు. ఇరవై మూడేళ్ళ వయసు, జగిత్యాల పక్కన ఊరు, పాసైందో లేదో ఇప్పటికీ తేలని ఒక ఇంటర్మీడియట్, మీసం మీద తప్ప మరి దేనిమీదా లేని శ్రద్ధ, ఇదీ నా ఆస్తి. మా వైపు ఆ వయసు రాగానే మగపిల్లలందరూ దుబాయ్ పోతారు. విమానం ఎక్కడ దిగినా సరే, మా వాళ్ళకి అది దుబాయే. నేను దిగింది ఖతార్‌లో. పదమూడేళ్ళు దాటినా మా అమ్మ ఇప్పటికీ "మావోడు దుబాయ్ల ఖతార్ల ఉంటడు" అంటుంది, ఖతార్ అనేది దుబాయ్‌లో ఒక వాడ అయినట్టు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. ఇప్పుడు నేనే ఊళ్ళో బస్సెక్కినప్పుడు దుబాయ్ నుంచి వచ్చానని చెబుతున్నాను. పని తొందరగా అయిపోతుంది.

నన్ను పంపిన ఏజెంటన్న చాలా నిజాయితీపరుడు (ఈ మాట నేనే అంటున్నాను, ఊళ్ళో ఇంకెవరూ అనరు). "గుర్రాల పని ఉన్నది తమ్మీ, గుర్రాలు తెలుసా?" అని సూటిగా అడిగాడు. తెలుసా అంటే తెలుసు మరి. కోరుట్లలో మా మేనమామకి ఒక తెల్ల గుర్రం ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్లో బరాత్‌లకి దాన్ని తిప్పేవాడు. మూడు సీజన్లు దాని పగ్గం పట్టుకుని పెళ్ళికొడుకుల ముందు నడిచింది నేనే. "మూడేండ్ల సంది గుర్రం నా చేతులనే ఉన్నదన్నా" అన్నాను. ఆయన కాగితం మీద 'హార్స్ ట్రైనర్, మూడేళ్ళ అనుభవం' అని రాసుకున్నాడు. ఇద్దరిలో ఎవరమూ అబద్ధం ఆడలేదు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెడితే అవతల తెల్లటి బట్టల్లో ఒకాయన ఇంగ్లీషులో ఏవేవో అడిగాడు. అన్నిటికీ "యెస్ సార్" అన్నాను. అందులో ఒకటి "నీకు గుర్రపు స్వారీ రాదా?" అనే ప్రశ్న అని చాలా రోజుల తర్వాత అర్థమైంది.

మా మామ విద్య గురించి ఇక్కడే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. బరాత్ గుర్రం అంటే ఏమనుకున్నారు? ముందు బ్యాండు మేళం, వెనక లడీ పటాకులు, పక్కన జనరేటరు బండి, కాళ్ళ దగ్గర పెళ్ళికొడుకు దోస్తులు పడి దొర్లి ఆడే డ్యాన్సు. పైన పెళ్ళికొడుకేమో జీవితంలో మేకనైనా ఎక్కని మనిషి. ఇంత గొడవ మధ్య ఆ గుర్రం బెదరకూడదు. ఇందుకు మామ ఒక పద్ధతి కనిపెట్టాడు. కొత్త పిల్ల గుర్రాన్ని తెచ్చిన రోజు నుంచి, నానబెట్టిన శనగలు పెట్టే ముందల్లా రేకు డబ్బా వాయించేవాడు. కొన్నాళ్ళకి డబ్బా పోయి డోలు వచ్చేది, తర్వాత దూరంగా ఒక పటాకి, తర్వాత దగ్గరగా ఒకటి. "సప్పుడైతే బువ్వ వస్తదని దానికి తెల్వాలె అల్లుడా, గంతే. బువ్వ కాడికెల్లి ఎవడన్న ఉరుకుతడా?" అనేవాడు. నిజంగానే ఆయన గుర్రం బాంబు పేలినా ఎటూ కదిలేది కాదు. పైగా చుట్టూ జనం చప్పట్లు కొడితే, నిలబడిన చోటే ముందు కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి ఆడేది. ఆ ఆట నేర్పింది మాత్రం నేనే, నా చేతులతో.

నేను విమానం ఎక్కేలోపు ఇంట్లో వాళ్ళు నాకు పిల్లను కుదిర్చారు. కాబోయే మామగారు పదిమందిలో నన్ను చూపించి "అల్లుడు దుబాయ్ల షేకు గుర్రాలకు మాస్టర్" అని చెప్పుకున్నాడు. పెళ్ళి మొదటి సెలవులో. అంటే రెండేళ్ళపాటు నేను గుర్రాల మాస్టర్‌గానే ఉండి తీరాలి. మధ్యలో తిరిగి వస్తే పిల్ల ఉండదు, ఊళ్ళో ముఖం ఉండదు. ఆ భయం నాకు విమానంలో సీటు బెల్టు పెట్టుకున్నప్పటి నుంచే మొదలైంది.

అల్ వుకైర్ దాటి లోపలికి, అప్పట్లో ఇన్ని ఇళ్ళు లేని చోట ఒక మజ్రా. అంటే పొలం, కాకపోతే అందులో పంట తప్ప అన్నీ ఉంటాయి. మేకలు, ఏసీ గదిలో నాలుగు సలూకీ వేటకుక్కలు, చివర కొత్తగా కట్టిన ఒక గుర్రపు కొట్టం. గుర్రాలు అన్నారు గానీ ఉన్నది ఒక్కటే గుర్రం, అది కూడా పొట్టిది. నా గుండెల దాకా వచ్చేది. పోనీ అంటారట ఆ పొట్టి జాతిని, నాలుగేళ్ళ వయసు, గోధుమ రంగు, కళ్ళ మీద పడే జుట్టు. నాకన్నా వారం ముందు యూరప్ నుంచి విమానంలో దిగింది, నాకన్నా మంచి సీటులో. దాని పేరు బర్క్, అంటే మెరుపు అట. దాని పాస్‌పోర్టు, నా పాస్‌పోర్టు ముదీరు ఆఫీసులో ఒకే బీరువాలో పక్కపక్కనే పెట్టారు. కాకపోతే గుర్రం పాస్‌పోర్టుకి తోలు కవరు ఉండేది.

ముదీరు అంటే నన్ను కంప్యూటర్‌లో చూసిన పెద్దమనిషి, మజ్రా ఆయనదే. గుర్రం మాత్రం ఆయన కోసం కాదు, వాళ్ళ నాన్న కోసం. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఎనభైకి దగ్గర పడిన, ఎండిన ఖర్జూరం కమ్మలా తేలికైన మనిషి. వయసులో ఉన్నప్పుడు గుర్రమెక్కి, కుక్కల్ని వదిలి, ఎడారిలో కుందేళ్ళని వేటాడాడట. ఇప్పుడు తుంటి అరిగిపోయి పెద్ద గుర్రం ఎక్కలేడు. చలికాలం వేటకి కొడుకులు ఆయన్ని ల్యాండ్‌క్రూజర్‌లో ముందు సీటులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తీసుకుపోతున్నారు. "కారులో కూర్చుంటే ముక్కుకి కుందేలు వాసన రాదు, ఏసీ వాసన వస్తుంది. చచ్చేలోగా ఒక్కసారి గుర్రం మీద పోతాను" అని పట్టు పట్టాడు ముసలాయన. డాక్టరు వద్దన్నాడు. కొడుకులు వద్దన్నారు. ఆయన అన్నం మానేశాడు. ఆఖరికి పొట్టి గుర్రం దగ్గర రాజీ కుదిరింది.

ఈ కథంతా నాకు విడమరచి చెప్పింది ఆ ఇంటి డ్రైవర్ భాయ్. నిజామాబాద్ మనిషి, పదిహేనేళ్ళ సర్వీసు, ఇస్త్రీ నలగని చొక్కా, హెన్నా పెట్టిన గడ్డం. ముదీరు అరబ్బీలో చెప్పిన షరతులు కూడా ఆయనే నాకు తెలుగు చేశాడు. "సునో మియా. శలికాలం క్యాంప్ ఫస్ట్ రోజు బాబా దీని మీద వేటకు వోతడు. గుర్రం బెదిరి బాబాను కింద పడేసిందా, లేకపోతే మధ్యల మొరాయించిందా, ఖలాస్. గుర్రం పిల్లల స్వారీ స్కూలుకు. బాబా మళ్ళ కారుకు. నువ్వు..." అని ఆగి, అరచెయ్యి నేల మీది నుంచి పైకి లేపి విమానం ఎగిరినట్టు చూపించాడు. ముదీరు ఆ చెయ్యి చూసి తల ఊపాడు. నాలుగు నెలల టైము.

మొదటి వారం మెరుపు ఎలా ఉండేదంటే, దాని బకెట్టు నీడకి అదే బెదిరేది. ఆరేసిన నా లుంగీకి బెదిరేది. మేక తుమ్మితే వెనక కాళ్ళతో తలుపు తన్నేది. వేటంటే కుక్కలు, హారన్లు, అరుపులు, పరుగులు. ఇది వాటి మధ్యకి పోతే బాబా ఏ దిబ్బ మీద దొరుకుతాడో చెప్పలేం. కోరుట్లకి ఫోన్ చేశాను. "మామా, వేట గుర్రానికి ఏం నేర్పాలె?" అంటే అవతల మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వేటైతేంది, పెండ్లైతేంది అల్లుడా, అంత లొల్లినే గదా? బెదరకుంటే సాలు. డబ్బ గొట్టు, శనిగెలు వెట్టు" అన్నాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. డ్రైవర్ భాయ్ అల్ మన్సూరా బజారుకి పోయినప్పుడల్లా శనగలు తెప్పించుకున్నాను. రేకు డబ్బా మజ్రాలోనే దొరికింది.

చదువు మొదలైంది. పొద్దున డబ్బా, శనగలు. సాయంత్రం డబ్బా, క్యారెట్టు. పది రోజుల్లో డబ్బా శబ్దం వినపడితే మెరుపు చెవులు నిక్కబొడిచి నోరు తెరిచేది. తర్వాత పాఠం కుక్కలు. ఇక్కడ చిక్కు వచ్చింది. సలూకీలు ఖరీదైన కుక్కలు, ఎండలో బయటికి వదలరు, పైగా మొరగవు. మొరగడం తమ స్థాయికి తగదన్నట్టు చూస్తాయి. మరి కుక్క అరుపు ఎక్కణ్ణుంచి తేవాలి? డ్రైవర్ భాయ్‌ని బతిమాలాను. "క్యా మియా, పంద్రా సాల్ కీ నౌకరీ మే కుత్తా బన్‌నా పడ్ రా" అని, ఇన్నేళ్ళ నౌకరీ తర్వాత కుక్కనవ్వాలా అని, మొదట కోప్పడ్డాడు. రెండు రోజులు నేనే బిర్యానీ వండి పెట్టాక, నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చుని మొరగడానికి ఒప్పుకున్నాడు. మొదట సిగ్గుపడుతూ చిన్నగా, తర్వాత నిజామాబాద్ రైల్వే స్టేషన్ కుక్కల్ని గుర్తుచేసుకుని గట్టిగా. ఆయన మొరిగినప్పుడల్లా నేను గుర్రానికి ఒక ఖర్జూరం. పాఠం మంచి ఊపులో ఉండగా ముదీరు వచ్చి వెనక నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాతో, నాలుగు కాళ్ళ మీద, తన డ్రైవరు మొరుగుతుంటే ఎంతసేపు చూశాడో తెలియదు. తర్వాత తన దారిన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు భాయ్ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఎండలు తగ్గాక అసలు కుక్కల్నే తెచ్చారు. మొదటి రోజు కంచె అవతల, మూడో రోజు కంచె ఇవతల, వారానికి దాని కాళ్ళ మధ్య నుంచి దూరిపోతున్నా మెరుపు గడ్డి నములుతూనే ఉంది. కార్ల హారన్లు కొట్టించాను, ఈలలు వేయించాను, మేకల కాపరి చేత గోనె సంచి గాలిలో ఊపించాను. దేనికీ చలించలేదు. గోడ అంటే గోడ. ముదీరు పరీక్ష చేయడానికి వచ్చి, చెవి పక్కనే చప్పట్లు కొట్టి, హారను కొట్టి, చివరికి ఒక రేకు పళ్ళెం నేలకేసి కొట్టాడు. మెరుపు ఆయన జేబు వాసన చూసింది. "జైన్! జైన్!" అని, అంటే బాగుంది అని, నా భుజం తట్టాడు ముదీరు. భాయ్ కూడా మనసు మెత్తబడి "వాహ్ ఉస్తాద్" అన్నాడు. ఆ రోజు నేను ఊరికి ఫోన్ చేసి, కాబోయే మామగారు వినేలా, "షేకు నన్ను మెచ్చుకున్నడు" అని మూడుసార్లు చెప్పాను. (మధ్యాహ్నాలు తోచక, చప్పట్లు కొడితే నిలబడ్డ చోటే కాళ్ళెత్తి ఆడటం కూడా దానికి నేర్పాను. అది ఎవరూ చెప్పిన పాఠం కాదు, కేవలం నా తీట.)

రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత బాబా వచ్చేవాడు. చెక్క మెట్లు ఎక్కించి, జీను మీద కూర్చోబెట్టి, నేను తాడు పట్టుకుని ముందు నడిచేవాణ్ణి. కుక్కల కంచె దాకా పోయి రావడం, అంతే. పరుగు వద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి నడకే. అయినా నాకు వచ్చింది కూడా నడకే. దారి పొడవునా ఆయన అరబ్బీలో పాత వేటల కథలు చెప్పేవాడు. నాకు అందులో కుందేలు, కుక్క, గాలి అనే మూడు మాటలు తెలుసు. మిగతా వాటికి "ఐవా బాబా", అంటే అవును బాబా, అనేవాణ్ణి. కథ అయ్యాక ఆయన జేబులోంచి ఖర్జూరాలు తీసి దానికి రెండు, నాకు రెండు ఇచ్చేవాడు, దాని నోటికి అందించినట్టే నా నోటికీ అందిస్తూ. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పెద్దమనిషి ఒకడు చేత్తో నోట్లో పెడితే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఒక రోజు ఆయన జీను మీంచి వంగి, చేత్తో పరుగు సైగ చేసి, "బర్క్ ఉరుకుతాడా?" అన్నట్టు అడిగాడు. ముసలి కళ్ళు మెరుస్తున్నాయి. "ఐవా బాబా" అన్నాను. అది ఉరకగా నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు నాకు తట్టలేదు.

క్యాంపు రోజు వచ్చింది. దక్షిణాన ఇసుక దిబ్బల దగ్గర టెంట్లు వేశారు. పాతకాలం ఎడారి జీవితం అంటే ఏమిటో పిల్లలకి చూపించాలని ముదీరు కోరిక. అందుకని టెంట్లో తివాచీలు, ఫ్రిజ్జు, గోడంత టీవీ, రెండు జనరేటర్లు, కరక్ చాయ్ కాచడానికి ఒక ప్రత్యేకమైన మనిషి. కుందేలు కోసం పద్నాలుగు ల్యాండ్‌క్రూజర్లు వచ్చాయి. ఇన్ని కార్లు చూసి అడవి కుందేళ్ళు సౌదీ వైపు వెళ్ళిపోయి ఉంటాయని నాకు అనిపించింది, ముదీరుకి కూడా అనిపించినట్టుంది. నాన్న మనసు కష్టపెట్టకూడదని, ఎవరికీ తెలియకుండా భాయ్ చేత మార్కెట్లో ఒక కుందేలుని కొనిపించి కారు డిక్కీలో దాచాడు. భాయ్ నాకు పంజరం తలుపు తీసి చూపించాడు. బూడిద రంగు, గుండ్రటి పొట్ట, క్యాబేజీ నములుతోంది. "యే భీ అపనే జైసాచ్ మియా. పేపర్ల మీద వేట కుందేలు, ఎక్స్‌పీరియన్స్ మాఫీ" అన్నాడు, మనలాగే దీనికీ అనుభవం లేదని. నేను పంజరం తలుపు మూసేశాను.

బాబా తెల్లటి బట్టల మీద పాత తోలు పట్టా కట్టుకుని, నడుం నిటారుగా పెట్టి వచ్చాడు. ఆయన అంత నిటారుగా నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు. మెరుపుకి నేను ఎర్ర ఊలు కుచ్చులు కట్టాను (మా వైపు అలవాటు). చెక్క మెట్లు ఎక్కించి, కూర్చోబెట్టి, పగ్గాలు చేతికిచ్చి, తాడు విప్పేసి, మొదటిసారి నేను పక్కకి తప్పుకున్నాను. భాయ్ ఒక పొద చాటుగా కుందేలుని వదిలాడు. కుక్కల్ని వదిలారు. పద్నాలుగు కార్ల హారన్లు ఒక్కసారి మోగాయి. మనవలు, మేనల్లుళ్ళు ఈలలు వేశారు. బాబా "యల్లా!" అని గొంతు చించుకుని అరిచి, మడమలతో గుర్రాన్ని అదిలించాడు.

మెరుపు ఆగింది. ఆగడం అంటే నాలుగు కాళ్ళు నేలలో పాతినట్టు ఆగి, నోరు తెరిచి, నా వైపు తల తిప్పింది. కుక్కలు వచ్చాయి, హారన్లు వచ్చాయి, అరుపులు వచ్చాయి, మరి శనగలేవి? బాబా మళ్ళీ అదిలించాడు. దూరంగా కుక్కలు సన్నటి గీతల్లా పోతున్నాయి. బాబా పగ్గాలు లాగాడు, అరిచాడు, బతిమాలాడు. కుర్రాళ్ళు ఫోన్లు తీసి, నవ్వాపుకోలేక చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినగానే మెరుపు ముందు కుడికాలు ఎత్తింది. తర్వాత ఎడమకాలు. ఎర్ర కుచ్చులు ఊగుతుండగా, నిలబడ్డ చోటే, చక్కటి తాళంలో ఆడటం మొదలుపెట్టింది. భాయ్ నా పక్కకి వచ్చి నోరు వెళ్ళబెట్టాడు. "అరె మియా! యే తో బరాత్ కా ఘోడా హై!" అన్నాడు నెమ్మదిగా. "దుల్హా భీ బైఠే హువే హై." పెళ్ళికొడుకు కూడా పైన కూర్చునే ఉన్నాడట.

అప్పుడు తెలిసింది నాకు. నాలుగు నెలలు రాత్రనక పగలనక నేను దానికి నేర్పింది ఒక్కటే, ఎంత గొడవైనా కదలకుండా నిలబడటం. మా మామ విద్యంతా గుర్రాన్ని ఉరకకుండా ఆపే విద్య. వేటకి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకమైన విద్య. ఈ సంగతి మామకి తట్టలేదు, నాకు తట్టలేదు, రేకు పళ్ళెం విసిరి పరీక్ష చేసిన ముదీరుకీ తట్టలేదు. ముదీరు ముఖం నల్లబడింది. తండ్రిని దించడానికి కారు దగ్గరికి తెమ్మని డ్రైవరుకి సైగ చేశాడు. నాకు విమానం కనపడలేదు, పెళ్ళి కనపడలేదు. జీను మీద బాబా కనపడ్డాడు. నిటారుగా ఉన్న ఆ నడుం మెల్లగా వంగిపోతోంది. మనవల ఫోన్ల వైపు చూడకుండా కళ్ళు దించుకున్నాడు.

ఎలా పరిగెత్తానో తెలియదు. పోయి తాడు తగిలించి, నాకు వచ్చిన ఒకే ఒక్క పని చేశాను, గుర్రం ముందు నడవడం. కాకపోతే ఈసారి పరుగు. చెప్పులు అక్కడే ఇసుకలో ఉండిపోయాయి. మెరుపు నా వెనక కదిలింది. నేను నడిస్తే నడిచేది, ఇప్పుడు నేను ఉరికితే అదీ ఉరికింది, ఎందుకంటే నాలుగు నెలలుగా దాని లోకంలో ముందు నేనుంటాను, నా వెనక అది ఉంటుంది. ముందు కుందేలు, దాని వెనక నాలుగు కుక్కలు, వాటి వెనక జగిత్యాల, వెనక మెరుపు, దాని మీద బాబా. "యల్లా! యల్లా!" అని పైనుంచి అరుస్తున్నాడు ఆయన. గుర్రాన్ని కాదు, నన్ను. ఊపిరి ఆడటం లేదు, పక్కటెముకల్లో పోట్లు, అయినా ఆ అరుపులోని సంతోషం వింటే ఆగబుద్ధి కాలేదు. ఒక దిబ్బ ఎక్కాం, దిగాం, ఇంకోటి ఎక్కాం. ఇక కుందేలు సంగతంటారా, క్యాబేజీ మీద పెరిగిన ప్రాణి, ఎంతకని ఉరుకుతుంది? గుండ్రంగా తిరిగి వచ్చి ల్యాండ్‌క్రూజర్ కిందికి దూరింది. కుక్కలు కారు చుట్టూ తిరిగి, ఇదేదో తమ తాతల కాలంలో లేని రూలు అనుకుని కూర్చున్నాయి. నేను ఆ కారు టైరు పక్కన పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి బాబా చెక్క మెట్లు లేకుండానే కిందికి దిగి, కొడుకు చెయ్యి పట్టుకుని నా ముందు నిలబడి ఉన్నాడు. భాయ్‌ని పిలిచి, గుర్రాల పని ఎక్కడ నేర్చుకున్నావని నన్ను అడగమన్నాడు. ఆ స్థితిలో నాకు అబద్ధం ఆడే ఊపిరి కూడా లేదు. పెళ్ళిళ్ళలో అని చెప్పాను. మా దగ్గర పెళ్ళికొడుకుని గుర్రమెక్కించి, బ్యాండుతో ఊరేగిస్తారని, ఆ గుర్రం కదలకూడదని, నాకు వచ్చింది అదొక్కటేనని అంతా చెప్పాను. భాయ్ దాన్ని అరబ్బీ చేసి వినిపించాడు. బాబా గుర్రం మెడ నిమిరాడు. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని ఏదో అడిగాడు. భాయ్ నా వైపు తిరిగాడు. "అంటే ఇయ్యాల్ల నేను పెండ్లికొడుకునా, అని అడుగుతుండు మియా. నా పెండ్లప్పుడు గుర్రం లేకుండె, పిల్ల ఇంటిదాంక నడిశే వోయిన అంటుండు." అది చెప్పి బాబా నవ్వడం మొదలుపెట్టాడు. గడ్డం తడిసేదాకా నవ్వాడు. ఫోన్లు పట్టుకున్న మనవలు ఒక్కొక్కరే ఫోన్లు లోపల పెట్టుకున్నారు. ముదీరు నన్ను చూపించి ఇంకేదో అనబోతే బాబా చెయ్యెత్తాడు. "ఇద్దరూ ఉంటారు. వీడు లేకపోతే అది నడవదు" అన్నాడు. ఖతార్ దేశంలో నా అంత గట్టి ఉద్యోగ భద్రత అప్పుడు ఎవరికీ లేదు.

ఆ చలికాలం ప్రతి శుక్రవారం నేను పరిగెత్తాను. ముదీరు నాకు మంచి బూట్లు కొనిచ్చాడు, గుర్రానికి లాడాలు వేయించిన రోజే. కుందేలుని ఎవరూ చంపలేదు, బాబా చంపనివ్వలేదు. అది మెరుపు కొట్టంలోనే ఉండి, శనగలు మరిగి, శుక్రవారం రాగానే తనంతట తానే పంజరంలోకి ఎక్కేది. మొత్తం మీద వేటకి బాగా అలవాటుపడిన జంతువు అదొక్కటే. రెండేళ్ళకి సెలవు మీద పోతే, చిక్కి సగమైన నన్ను చూసి మామగారు "గుర్రాల మాస్టరంటే కూసోని ఉంటరనుకున్న గదా!" అని కంగారుపడ్డాడు. నా పెళ్ళి బరాత్‌కి మా మేనమామ తన తెల్ల గుర్రాన్నే తెచ్చాడు. జీవితంలో మొదటిసారి గుర్రం ఎక్కింది ఆ రోజే. పైనుంచి చూస్తే నేల ఇంత దూరమా అని భయపడి దాని జూలు గట్టిగా పట్టుకున్నాను. మెట్లు లేకుండా దిగిన బాబా గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దోస్తులు అది పెళ్ళి సంతోషం అనుకున్నారు.

నాలుగు చలికాలాలు బాబా గుర్రం మీదే వేటకి పోయాడు. ఐదోది ఆయన చూడలేదు. మెరుపుని పిల్లల స్వారీ స్కూలుకి ఇచ్చేశారు. అక్కడ చాలా మంచి పేరు తెచ్చుకుందట, పిల్లలు చప్పట్లు కొడితే ఆడుతుందట, ఎంత గోల చేసినా కదలదట. అసలు దాన్ని ఎవరు తయారుచేశారని అక్కడి వాళ్ళు భాయ్‌ని అడిగారట. నేను తర్వాత ఒక దాణా కంపెనీలో స్టోర్ సూపర్‌వైజర్‌నయ్యాను. అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాటు, ఆ కుదిర్చిన పిల్లే నా భార్య, ఇప్పుడు ఇక్కడే ఉంటుంది. పోయిన పొట్ట వడ్డీతో సహా తిరిగి వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. అందుకని శుక్రవారం సాయంత్రాలు ఇద్దరం మెట్రో ఎక్కి అల్ వక్రా పోయి సముద్రం ఒడ్డున నడుస్తాం. మామూలుగా నేను చాలా మెల్లగా నడిచే మనిషిని. కానీ ఎక్కడైనా ఒక కుక్క మొరిగిందా, నా ప్రమేయం లేకుండా కాళ్ళు వేగం అందుకుంటాయి. కుడి చెయ్యి దానంతట అదే వెనక్కి పోతుంది, తాడు కోసం. మొరిగింది ఎవరింటి పెంపుడు కుక్కో అయినా సరే, పది అడుగులు ఉరికాక గానీ నాకు తెలివి రాదు. దూరం నుంచి నా భార్య అరుస్తుంది, "ఎన్కల ఎవ్వలు లేరయ్యా, మెల్లగ నడువు!" అని. సిగ్గుపడి ఆగిపోతాను. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, అప్పుడే మెల్లగా నడుస్తాను.